రెండు శ్లాబుల నడుమ సూర్యుడు

సూర్యుడు ఉచితం. ఉచితాలు అక్కడితో అయిపోయాయి.

ఆయన దగ్గర బయల్దేరిన వెలుగు పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి, ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో సికింద్రాబాద్ డాబాల మీద దిగుతుంది. టికెట్ లేదు. రిజర్వేషన్ లేదు. లేటు అసలే లేదు. కథంతా ఆ తర్వాతే. డాబా మీది నుంచి కింద హాల్లో ఫ్యాను దాకా ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగులు దిగాలంటే మాత్రం పోర్టల్‌లో పేరు నమోదు కావాలి. ఆధార్ కావాలి. కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం, డాబా ఫొటో కావాలి. ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వచ్చే వేళకి ఫోన్‌లో ఛార్జింగ్ కావాలి. దానికి కరెంటు కావాలి.

మా బాబాయికి ఈ ముప్పై అడుగుల ప్రయాణానికి ఐదు నెలలు పట్టింది.

వెస్ట్ మారేడ్‌పల్లిలో పాత మేడ ఆయనది. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. సర్కారువాళ్లు అచ్చేసిన టైంటేబుల్‌ని నమ్మే ఆఖరి తరం మనిషి. అలాంటాయన చెవిన 2024 ఫిబ్రవరిలో ఒక మాట పడింది. పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన. కోటి ఇళ్లకు సోలార్. నెలకు 300 యూనిట్ల దాకా ఉచితం. ఖర్చు 75,021 కోట్ల రూపాయలు. సికింద్రాబాద్‌వాడికి ‘ముఫ్త్’ అనే మాటకు అర్థం చెప్పక్కర్లేదు, అమ్మ తర్వాత నేర్చుకునే మాట అదే. పైగా ఆ 75 వేల కోట్ల పక్కన 21 కోట్లు చూశారా? అంత చిల్లరతో సహా లెక్క కట్టినవాళ్లను నమ్మకపోతే పాపం కాదూ?

నమ్మాడు. నేనొక పాత సంగతి గుర్తుచేశాను. 2015లోనూ ఇలాగే చెప్పారు బాబాయ్, 2022 నాటికి దేశంలో డాబాల మీదే 40 వేల మెగావాట్లు అన్నారు. 2022 వచ్చింది, వెళ్లింది. పావు వంతు కూడా మెట్లెక్కలేదు. ఎవరైనా లెంపలేసుకున్నారా? గడువు పొడిగించుకున్నారు. ఎంత సుఖమో చూడండి! బిల్లు కట్టే గడువు నేను పొడిగించుకుంటే కటింగ్ ప్లయర్ పట్టుకుని స్తంభం ఎక్కుతారు. వాళ్లు పొడిగించుకుంటే కొత్త పథకం, కొత్త పేరు, కొత్త ఫ్లెక్సీ.

“ఒరేయ్, నువ్వన్నీ ఇలాగే మాట్లాడతావు” అన్నాడు బాబాయి. మర్నాడే సోలార్ కుర్రాడు దిగాడు. చేతిలో ట్యాబు, మెడలో ట్యాగు. పిన్ని ఇచ్చిన టీ తాగుతూనే డాబా కొలిచాడు. “అంకుల్, మన ఎండలకు మస్తు కరెంటు వస్తది. ఒక్కసారి పెడితే ఇరవై అయిదేళ్లు ఫ్రీ. సర్కారే పైసలిస్తది. మీరు జస్ట్ కూసోవుడే.”

ఆ ఒక్క ముక్కా నిజం. కూర్చోబెట్టారు.

ముందు ‘సర్కారే పైసలిస్తది’ సంగతి తేల్చుదాం. మూడు కిలోవాట్ల సోలార్‌కు బజార్లో సుమారు రెండు లక్షలు. కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు ఇస్తుంది. మొత్తం 78 వేలు. మీది పది కిలోవాట్ల బంగళా అయినా అంతే. తక్కువేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎప్పుడిస్తుంది? అంతా బిగించాక, మీటరు పెట్టాక, వచ్చి చూసుకున్నాక. అప్పటిదాకా రెండు లక్షలూ ఎవరివి? మీవి. లేదంటే బ్యాంకువి, వడ్డీకి. మన డబ్బుతో మనం కొనుక్కుని, మన డాబా మీద మనం పెట్టుకుని, మనమే తుడుచుకునేదాన్ని ‘ముఫ్త్’ అనాలంటే నాలుకకు ఎంత ధైర్యం కావాలి?

ఇంకో మెలిక. ఆ సబ్సిడీ రావాలంటే లోపలి సెల్‌తో సహా దేశంలోనే తయారైన ఫలకాలు పెట్టాలి. దేశభక్తి మంచిదే. అయితే వాటి ధర మామూలు వాటికంటే ఎక్కువ. ఎడమ చేత్తో ఇచ్చిన దాంట్లో కొంత కుడి చేయి పట్టుకుపోతుంది. పన్నో? మొన్నమొన్న, 2025 సెప్టెంబరు 21 దాకా వీటి మీద జీఎస్టీ 12 శాతం. ఇప్పుడు 5కి దించి పండగ చేసుకోమన్నారు. ఎండ మీద పన్ను వేసే దారి దొరక్క, ఎండను పట్టే గాజు మీద వేశారు. దొరికి ఉంటే?

ఇంత తిట్టాక ఒక నిజం చెప్పకపోతే కళ్లు పోతాయి. ఈ వస్తువు పనిచేస్తుంది. అదే నా మంట. పనికిరాని సరుకైతే ఏ మూలో పడి ఉండేది, మనకు ఈ లొల్లే ఉండేది కాదు. కిలోవాట్‌కు సగటున రోజుకు నాలుగు యూనిట్లు. మూడు కిలోవాట్లకు నెలకు 350 దాకా. చప్పుడు లేదు, పొగ లేదు, కదిలే భాగం ఒక్కటి లేదు. ఫలకం పాతికేళ్లు ఉంటుంది. ఇన్వర్టర్‌ను మాత్రం మధ్యలో ఒకసారి మార్చుకోవాలి. ఆ ముక్క ట్యాబులో ఉండదు.

దీని అసలు విలువ తెలియాలంటే మన కరెంటు బిల్లు చదవాలి. మన ఊళ్లో ప్రతి ఇంటికీ రెండు శ్లాబులుంటాయి. ఒకటి నెత్తిమీద, సిమెంటుది. రెండోది బిల్లులో. మొదటిది ఎప్పుడైనా కూలుతుందేమోనని భయం. రెండోది నెలనెలా కూలుతుంది. ఎలాగంటారా? నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఫ్రిజ్ తలుపు ఎవరో సరిగ్గా వేయలేదు. 201 అయింది. అంతే! మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. మొత్తం రెండు వందలకూ 5.10 చొప్పున, ఆ పై ఒక్కదానికి 7.70. వెరసి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! ఆ ధరకు ఆ యూనిట్‌ను ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకోవచ్చు. మూడు వందలు దాటితే యూనిట్ తొమ్మిది, నాలుగు వందలు దాటితే తొమ్మిదిన్నర, ఎనిమిది వందలు దాటితే పది.

సోలార్ కొట్టేది సరిగ్గా ఈ పై మెట్టునే. నెలకు 400 కాల్చే ఇంటికి కరెంటు ఛార్జీలే 2,690 రూపాయలు. అందులోంచి 350 యూనిట్లు డాబా ఇచ్చేస్తే మిగిలేది వంద రూపాయల బిల్లు. నాలుగైదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఇది అబద్ధం కాదు, మీరూ కాగితం మీద వేసి చూసుకోండి.

మరి ఆ నాలుగు వందలు కాల్చేదెవరు? రెండు ఏసీలున్నవాడు. రెండు వందల లోపువాడికి రాష్ట్రం గృహజ్యోతి వెలిగించింది, 2024 ఫిబ్రవరి చివర్లో. అర్హత ఉంటే సున్నా బిల్లు. మంచిదే, పేదవాడి ఇంట్లో దీపం వెలిగితే ఎవడికి కడుపుమంట? కానీ సున్నా బిల్లు వచ్చేవాడిని పిలిచి, నాయనా, లక్షా పాతిక వేలు చేతినుంచి పెట్టు, నీ బిల్లు సున్నా చేస్తాం అంటే వాడు ఏమంటాడు? “హౌలా గాడిలెక్క కనబడుతున్ననా?” అంటాడు. ఢిల్లీ ముఫ్త్ మూడు వందలు, హైదరాబాద్ ముఫ్త్ రెండు వందలు. రెండు ముఫ్త్‌లు ఒకదానికొకటి ఎదురొచ్చి ఇరుకు గల్లీలో ఆటోల్లా నిలబడ్డాయి. ఎవడూ వెనక్కి తియ్యడు. ఏసీ ఉన్నవాడికి సూర్యుడు. లేనివాడికి జ్యోతి. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న 230 యూనిట్లవాడికి? రసీదు.

కరెంటు పంచే డిస్కంల బాధ కూడా ఒకటుంది, ధర్మం కాబట్టి చెబుతున్నాను. పై శ్లాబువాడు వాళ్లకు పాడి గేదె. వాడు కట్టే తొమ్మిదీ పదీతోనే కింది శ్లాబుల లోటు కొంత పూడుతుంది. వాడే డాబా ఎక్కి సొంత డెయిరీ పెట్టుకుంటానంటే ఎవరికి నచ్చుతుంది? మళ్లీ రాత్రయితే పాలు వాళ్ల దగ్గరే కావాలి. సూర్యుడు ఆరింటికి షట్టర్ దించేస్తాడు, ఏసీ మొదలయ్యేదే అప్పుడు. పగలు మిగిలింది లైన్లోకి పోస్తాం, రాత్రి తోడుకుంటాం. ఆ తీగలూ ట్రాన్స్‌ఫార్మర్లూ వాళ్లవే. ఆ బాధను పైకి చెప్పుకుంటే వినేవాళ్లం. పైకి మాత్రం అందరూ పచ్చజెండా ఊపుతారు. రైలు మాత్రం కదలదు.

2024 ఫిబ్రవరిలోనే కేంద్రం కరెంటు వినియోగదారుల హక్కుల నిబంధనలు మార్చింది. పది కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు పెడితే ఒప్పుకున్నట్టే. అంతా బిగించాక పదిహేను రోజుల్లో కనెక్షన్ నడవాలి. ఎంత ముచ్చటైన గెజిట్! బాబాయి దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించాడు. సోలార్ కుర్రాడికి ఫోన్ చేసినప్పుడల్లా అందులోంచి చదివి వినిపించేవాడు. అవతల్నుంచి ఒకటే జవాబు. “ఫైలు మూవ్‌మెంట్‌లో ఉందంకుల్.” ఏ ఫైలు, ఎక్కడ, ఎటు? రైల్వేలో ఇన్నేళ్లు చేసిన మనిషికి ‘మూవ్‌మెంట్’ అంటే ఒక చోట బయల్దేరి ఇంకో చోటికి చేరడం. పాపం, ఆయన డిక్షనరీ పాతది.

ఈలోగా డాబా మీద ఇంకో యుద్ధం. పిన్నిది. సౌరశక్తిని మా పిన్ని నలభై ఏళ్లుగా వాడుతోంది. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్లమిరపకాయలు, మాగాయ ముక్కలు. ఒక్క దరఖాస్తు పెట్టలేదు. ఒక్క ఓటీపీ చెప్పలేదు. మూడు కిలోవాట్లకు మూడు వందల చదరపు అడుగులు కావాలని కుర్రాడు సుద్దముక్కతో గీత గీస్తే, ఆ గీత సరిగ్గా ఆవిడ వడియాల చాప మీదుగా పోయింది. “ఏవండీ, కరెంటు కొనుక్కోవచ్చు. వడియాలు?” అంది. బాబాయి దగ్గర జవాబు లేదు. కుర్రాడి దగ్గర ఉంది. ఎత్తుగా స్టాండు కట్టిస్తే కిందంతా ఖాళీయే అన్నాడు. ఇంకో పాతిక వేలు. కింద ఖాళీయే, కానీ నీడ. నీడలో ఎండే వడియాన్ని ఇంకా కనిపెట్టలేదు. చివరికి ఆవిడ నీళ్ల ట్యాంకు మీది అరచేతంత శ్లాబు సంపాదించుకుంది. చాప అక్కడికి చేరింది.

నీడంటే గుర్తొచ్చింది. ఫలకాలను సీరియల్ సెట్ బల్బుల్లా వరసగా కలుపుతారు. ఒకదాని మీద నీడ పడితే మిగతా వాటి జోరూ తగ్గుతుంది. బాబాయి ఇంటికి పడమట ఒక భవనం లేస్తోంది. పర్మిషన్ ఎన్ని అంతస్తులకో బోర్డు మీద ఉంది, లేచింది ఎన్నో ఆకాశం మీద ఉంది. మధ్యాహ్నం మూడు దాటగానే దాని నీడ రెండు ఫలకాలను మింగుతుంది. ఎవరికి చెప్పుకోవాలి? అక్రమ అంతస్తులు కట్టినవాళ్లకు మన ప్రభుత్వాలు ఏమిచ్చాయో గుర్తుందా? 2007లో బీపీఎస్. 2015లో బీఆర్‌ఎస్. కంగారుపడకండి, పార్టీ కాదు, క్రమబద్ధీకరణ పథకం. అంతస్తు దొంగతనంగా వేసినా రుసుము కడితే సక్రమం. పక్కింటివాడి సూర్యుణ్ని దొంగిలించినందుకు మాత్రం ఏ పట్టికలోనూ రుసుము లేదు. ఒక ఇలాఖావారు ఎండ పట్టుకోమని డబ్బులిస్తారు. ఇంకో ఇలాఖావారు ఆ ఎండకు అడ్డంగా గోడ లేస్తుంటే చూసీ చూడనట్టు తల తిప్పుకుంటారు. ఇద్దరికీ జీతాలిచ్చేది ఎవరండీ?

సొంత మేడ ఉన్నవాడి గతి ఇదైతే, అపార్ట్‌మెంటువాడి మాటేమిటి? పద్మారావునగర్‌లోనో తార్నాకలోనో ఇరవై ఫ్లాట్లకు ఒకటే డాబా. దాంట్లో సగం బిల్డర్ పెంట్‌హౌస్. మిగిలిన దాంట్లో ట్యాంకులు, సెల్ టవర్, ఎప్పుడో చచ్చిన సోలార్ వాటర్ హీటర్లు. బోరు నీళ్ల ఉప్పు పట్టి పోయిన ఆ గొట్టాలు గడిచిన తరం సౌర విప్లవానికి సమాధులు. సొసైటీలు లిఫ్టుకూ మెట్ల లైట్లకూ సోలార్ పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేలిస్తారు. నీ ఇంటి బిల్లుకో? ఎక్కడో పెట్టిన సోలార్‌ను నీ బిల్లులో తగ్గించే పద్ధతిని ఢిల్లీ నగరంలో 2019లోనే తెచ్చారు. మన దగ్గర ఫ్లాటువాడిని అడగండి, అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఇక అద్దెకుండేవాడు? వాడికి డాబా అంటే బట్టలారేసుకోవడానికి ఓనర్ ఆంటీ ఇచ్చిన అరగంట.

డాబా సర్కారుదైతే కథ వేరు. మన సికింద్రాబాద్ స్టేషన్ పైకప్పుల మీద సౌర ఫలకాలు పెట్టారు, హరిత స్టేషన్‌గా ప్లాటినం రేటింగ్ వచ్చింది, ఫొటోలు దిగారు. 2023 ఏప్రిల్ 8న అదే స్టేషన్‌ను 720 కోట్లతో మళ్లీ కట్టడానికి శంకుస్థాపన చేశారు. ఇక నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి వెళ్లి చూడండి. 2025లో ఊరు ఊరంతా సోలార్ అయింది. సబ్సిడీ ఉంది, ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులూ ఉన్నాయి. ఆ ఊరి గొప్ప ఏమిటంటే ముఖ్యమంత్రి గారి సొంతూరు. అటు మేమేం తక్కువా అని ఆంధ్రాలో కుప్పంలో మొదలుపెట్టారు. అది ఆ ముఖ్యమంత్రి గారి నియోజకవర్గం. భూగోళశాస్త్రంలో సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చదివాం. మాస్టార్లు తప్పు చెప్పారు. ఆయన ముందు ముఖ్యమంత్రుల ఊళ్లలో ఉదయిస్తాడు. మారేడ్‌పల్లికి మూవ్‌మెంట్‌లో ఉంటాడు.

సర్కారు తను వాడుకున్న కరెంటుకు డబ్బు కడుతుందా? 2023 డిసెంబరులో తెలంగాణ విద్యుత్ రంగం మీద అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. ప్రభుత్వ శాఖలు డిస్కంలకు బాకీ 28 వేల కోట్ల పైమాటే. మన 820 రూపాయలు రెండు నెలలు ఆగితే ఫ్యూజు ఊడుతుంది. ఆ 28 వేల కోట్ల స్తంభం ఎక్కే లైన్‌మన్ ఇంకా పుట్టలేదు.

సరే, మొత్తానికి బాబాయి మీటరు తిరిగింది. స్వీట్లు పంచాడు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని పొద్దున్నే స్కోరు చూసినట్టు యూనిట్లు చూసుకునేవాడు. దుమ్ము పడితే తనే కడిగేవాడు. ప్యారడైజ్ వైపు ఎలివేటెడ్ కారిడార్ పనులు, దుమ్ముకు కరువా? బోరు నీళ్లతో కడిగితే తెల్లటి చారలు, మంచినీళ్లతో కడిగితే పిన్ని కేకలు. ఏప్రిల్ చివర్లో ఒక అనుమానం వచ్చింది. ఎండ పెరిగింది, యూనిట్లు పెరగలేదేం? పెరగవు. ఫలకానికి కావాల్సింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ కొంచెం కొంచెం నీరసపడుతుంది. మన మే నెలలో ఫలకం ఒళ్లు అరవై డిగ్రీలు దాటుతుంది. మనుషుల్లాగే దానికీ వడదెబ్బ. ‘మన ఎండలకు మస్తు కరెంటు’ అన్న కుర్రాడు అప్పటికి ఇంకో బస్తీలో టీ తాగుతున్నాడు.

పాతికేళ్ల తర్వాత ఈ గాజుపలకల్ని ఏం చేస్తారని కూడా అడిగాను. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో వీటినీ చేర్చారు. తయారీదారులు 2034-35 దాకా ఆ వ్యర్థాన్ని దాచిపెట్టాలట. ఆ తర్వాత? జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ నగరం ‘ఆ తర్వాత’ అనుకున్నవన్నీ చేరేది అక్కడికే.

మే నెల రెండో ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంట. బయట 42 డిగ్రీలు. కరెంటు పోయింది. వీధి మొత్తం ఒక్కసారి ‘అబ్బా’ అంది. బాబాయి మాత్రం నవ్వాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన ఘడియ. ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నెత్తిమీద మూడు కిలోవాట్లు, ఆ పైన సూర్యుడు నడినెత్తిన. ఇంకేం కావాలి?

ఫ్యాను మెల్లగా తిరిగి, మెల్లగా ఆగిపోయింది.

ఫోన్ చేశాడు.

“అంకుల్, గ్రిడ్ లేకపోతే మనది కూడా బంద్ అయితది. సేఫ్టీ.”

“ఎవరి సేఫ్టీ?”

“లైన్‌మన్ది. కరెంటు లేదనుకుని వైరు ముట్టుకుంటే మీ సోలార్ షాక్ కొడ్తది కదా.”

న్యాయమే. లైన్‌మన్ ప్రాణం మీదికి రాకూడదు. ప్రపంచమంతా ఇదే పద్ధతి. మరి ఈ సంగతి కొనేముందు ఎందుకు చెప్పలేదయ్యా?

“మీరు అడగలేదు కదంకుల్. బ్యాటరీ పెట్టుకుంటే నడుస్తది. లక్ష పైన అయితది. దానికి సబ్సిడీ లేదు.”

బాబాయి ఫోన్ పెట్టేశాడు. ఇంట్లో బ్యాటరీ ఒకటి ఉండేది. పదేళ్లుగా రెండు ఫ్యాన్లూ నాలుగు లైట్లూ లాగిన ఇన్వర్టర్ బ్యాటరీ. సోలార్ వచ్చింది, ఇక ఈ బేకార్ సామాను ఎందుకని సంక్రాంతికి ముందు పాతసామానువాడికి తూకానికి అమ్మేశాడు. ఎంతకమ్మాడో ఇప్పటికీ పిన్నికి చెప్పలేదు.

అటక మీంచి తాటాకు విసనకర్ర దించుకున్నాడు. యాప్ తెరిచాడు. ఎర్ర అక్షరాల్లో ‘గ్రిడ్ ఫాల్ట్’. దాని కింద ఈ క్షణాన ఉత్పత్తి: సున్నా. సున్నా బిల్లు కోసం రెండు లక్షలు పెట్టిన మనిషి ఆ సున్నాను చాలాసేపు చూశాడు.

మూడింటికి పక్క భవనం నీడ వాలుతుండగా పిన్ని ట్యాంకు మీంచి చాప దించుకుని కిందికొచ్చింది. ఒక వడియం విరిచి చెవి దగ్గర పెట్టుకుని చూసింది. టప్పుమంది. “ఇంకో ఎండ కూడా అక్కర్లేదండీ” అంది.

కరెంటు ఐదున్నరకు వచ్చింది. అప్పటికి సూర్యుడు ఆ భవనం వెనక్కి దిగిపోయాడు.